గ్రిండెల్వాల్డ్, వెంగెన్‌లలో బ్లూ రన్లు, రెడ్ రన్లు: ఏ గంటకు ఎక్కడ, ఎలా దిగాలి

స్కీ మ్యాపు చేతికి రాగానే అందరి కళ్ళూ రంగుల మీదికే పోతాయి. స్కీ మీద దిగే దారే రన్. బ్లూ అంటే సులువు, రెడ్ అంటే మధ్యస్థం, బ్లాక్ అంటే కష్టం. కానీ ఆ రంగు చెప్పేది ప్రధానంగా వాలు గురించే. మార్చిలో ఒకే బ్లూ రన్ ఉదయం 8:30కి కరకరలాడే ఐస్‌గా ఉంటుంది, 10:30కి వెన్నలా మెత్తబడుతుంది, 3:30కి వందలమంది తోసిపోసిన బరువైన తడి గుట్టలుగా మారుతుంది. పొద్దున్న హాయిగా దిగిన మనిషే సాయంత్రం అదే దారిలో మోకాలు మెలితిప్పుకుంటాడు. అందుకే స్విట్జర్లాండ్ కొండల్లోని గ్రిండెల్వాల్డ్‌లో రోజుని రంగును బట్టి కాకుండా, ఏ కొండకి ఏ గంటకు ఎండ తగులుతుందో చూసుకుని వేసుకోవాలి. ఇది మొదటిసారి స్కీ తొడిగేవాళ్ళ నుంచి రెడ్ రన్ మీద ధీమా వస్తున్నవాళ్ళ వరకూ పనికొచ్చేలా రాసింది.

యుంగ్‌ఫ్రౌయోఖ్ చూడటానికి వచ్చే తెలుగువాళ్ళలో చాలామంది క్లైనె షైడెగ్ మీదుగానో, ఐగర్‌గ్లెట్షర్ మీదుగానో రైలెక్కి వెళ్ళినవాళ్ళే. చలికాలంలో ఆ రెండు స్టేషన్ల చుట్టూ ఉన్నదే ఈ స్కీ ప్రాంతం.

రంగుల వెనక ఉన్న లెక్క

స్విట్జర్లాండ్‌లో బ్లూ రన్ వాలు మామూలుగా 25 శాతం దాటదు. అంటే 100 మీటర్లు ముందుకు పోతే 25 మీటర్ల దిగుడు, కోణంలో సుమారు 14 డిగ్రీలు. రెడ్‌కి హద్దు 40 శాతం, దాదాపు 22 డిగ్రీలు. అంతకు మించితే బ్లాక్. అయితే చిన్న చిన్న ముక్కలకి సడలింపు ఉంది. రెండు కిలోమీటర్ల బ్లూ రన్‌లో ఎక్కడో ముప్ఫై మీటర్లు రెడ్ అంత నిటారుగా ఉండొచ్చు, కొత్తవాళ్ళు ఇరుక్కుపోయేది సరిగ్గా అక్కడే. ఫ్రాన్సులో బ్లూ కంటే సులువైన గ్రీన్ రంగు ఒకటుంది. ఇక్కడ అది లేదు. కాబట్టి దాదాపు చదునుగా ఉన్న దారీ, కాస్త వెన్ను జలదరించే దారీ రెండూ ఒకే నీలం గీతలో కనిపిస్తాయి.

మ్యాపులో పసుపు గీతలు కనబడితే అవి వేరే జాతి. మంచు చరియల ముప్పు నుంచి వాటికి రక్షణ ఏర్పాట్లు చేస్తారు గానీ, యంత్రంతో చదును చెయ్యరు, సాయంత్రం మూసేముందు ఎవరైనా మిగిలిపోయారా అని గస్తీ తిరగరు. బ్లూ, రెడ్ స్థాయిలో ఉన్నవాళ్ళకి వాటితో పనిలేదు.

చేరడం

ఇంటర్‌లాకెన్ ఓస్ట్ దగ్గర ఎక్కే రైలు మధ్యలో త్స్వైల్యుట్షినెన్ స్టేషన్లో రెండుగా విడిపోతుంది. ఒక సగం గ్రిండెల్వాల్డ్‌కి, ఒక సగం లౌటర్‌బ్రున్నెన్‌కి. పెట్టె మీద రాసిన ఊరి పేరు చూసి ఎక్కకపోతే తప్పు లోయలో తేలతారు. గ్రిండెల్వాల్డ్ వైపు వెళ్ళేవాళ్ళు ఊరి స్టేషన్ దాకా పోకుండా దానికి ముందున్న గ్రిండెల్వాల్డ్ టెర్మినల్‌లో దిగాలి. తీగల మీద నడిచే గదుల్లాంటి గొండోలాలు రెండూ అక్కడినుంచే బయల్దేరతాయి. మెన్లిఖెన్ గొండోలా 2019 డిసెంబరులో, ఐగర్ ఎక్స్‌ప్రెస్ 2020 డిసెంబరులో మొదలయ్యాయి. మొదటిది సుమారు 19 నిమిషాల్లో మెన్లిఖెన్‌కి, రెండోది 15 నిమిషాల్లో 2,320 మీటర్ల ఐగర్‌గ్లెట్షర్‌కి చేరుస్తుంది. వెంగెన్‌లో దిగేవాళ్ళయితే కార్లు లేని ఊరు అది, లౌటర్‌బ్రున్నెన్ నుంచి పళ్ళచక్రాల రైలే గతి.

ఐగర్ ఎక్స్‌ప్రెస్ చూడ్డానికి ఆర్భాటంగా ఉంటుంది, వేగం కూడా ఎక్కువే. అందుకే మొదటిరోజు జనం దాంట్లో ఎక్కేస్తారు. కానీ పైన దిగేసరికి ఎదురుగా ఉండేవి ప్రధానంగా రెడ్, అంతకు మించిన దారులు. ‘ఓ గాడ్’, ‘వైట్ హేర్’ లాంటి పేరుమోసిన నిటారు దారులు మొదలయ్యేది ఆ చుట్టుపక్కలే. మొదటి రెండు రోజులూ మీ గొండోలా మెన్లిఖెన్‌దే అనుకోండి. పొరపాటున ఐగర్‌గ్లెట్షర్‌కి వెళ్ళిపోతే సిగ్గుపడాల్సిన పనేం లేదు, అదే గొండోలాలో కిందికి దిగొచ్చు.

అద్దె సామాను

కొత్తవాళ్ళు ఇబ్బంది పడేది స్కీలతో కంటే బూట్లతో. బూటు సైజు పాదం పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది, 26.5 అంటే 26.5 సెం.మీ. తొడిగి నిటారుగా నిలబడితే వేళ్ళ చివర్లు ముందు గోడకి తాకాలి. మోకాళ్ళు వంచి పిక్కల ముందుభాగాన్ని బూటు నాలుకకి ఒత్తితే వేళ్ళు కొంచెం వెనక్కి జరగాలి. మడమ మాత్రం పైకి లేవకూడదు. ఇలా ఉంటే సైజు సరిపోయినట్టు. హాయిగా ఉందని ఒక సైజు పెద్దది తీసుకుంటే పాదం లోపల జారుతుంది, స్కీ మీ మాట వినదు.

మేజోళ్ళు ఒక్క జతే, మోకాలి దాకా వచ్చే పల్చటి స్కీ సాక్స్. చలి అని రెండు జతలు తొడిగితే బూటు బిగుసుకుని రక్తప్రసరణ తగ్గి వేళ్ళు ఇంకా చల్లబడతాయి, మడతలు పడ్డచోట బొబ్బలు లేస్తాయి. థర్మల్ ప్యాంటు అంచు కూడా బూటులోకి దూరకూడదు. బకిల్స్‌లో పాదం మీదవి కాస్త వదులుగా, చీలమండ దగ్గరవి గట్టిగా పెట్టుకుని, రెండు మూడు రన్ల తర్వాత మళ్ళీ ఒక గడి బిగించండి, ఈలోపు లోపలి మెత్త అణిగి ఉంటుంది.

స్కీ పొడవు గడ్డానికీ ముక్కుకీ మధ్య వచ్చేది అడగండి. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ని ఎంత బలానికి ఊడాలో బిగించే అంకెని డిన్ అంటారు. దాన్ని షాపువాళ్ళు మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీ స్థాయి చూసి పెడతారు. బరువు తగ్గించి చెప్పినా, స్థాయి పెంచి చెప్పినా నష్టం మీకే. అంకె ఎక్కువైతే పడ్డప్పుడు స్కీ ఊడక మోకాలి లిగమెంటు తెగుతుంది. తక్కువైతే మామూలు మలుపులో ఊడొస్తుంది.

ఒంటి మీద జీన్స్, కాటన్ టీషర్టు వద్దు. తడిస్తే ఆరవు, లిఫ్ట్ మీద గాలికి గడ్డకడతాయి. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 100 మీటర్లకీ సుమారు 0.6 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. లోయలో 944 మీటర్ల గ్రుండ్‌కీ పైన ఐగర్‌గ్లెట్షర్‌కీ మధ్య ఎనిమిది డిగ్రీల పైనే తేడా. హెల్మెట్ ఇక్కడ చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా లేకుండా వెళ్ళొద్దు. ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ గడ్డం కిందా, ముక్కు రంధ్రాల అంచుకీ కూడా రాయాలి. తాజా మంచు తన మీద పడ్డ అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం వరకూ తిరిగి పైకే కొడుతుంది కాబట్టి ఎండ రెండువైపుల నుంచీ కాలుస్తుంది.

స్కీ పాస్‌ని ఎడమవైపు జేబులో, ఫోనుకి దూరంగా ఒంటరిగా పెట్టండి. గేటులో చదివే యంత్రం ఎడమవైపే ఉంటుంది. ట్రావెల్ ఇన్సూరెన్సులో చలికాలపు క్రీడలు ఉన్నాయో లేదో పాలసీ కాగితం తెరిచి చూసుకోవాలి. చాలా పాలసీల్లో అవి విడిగా చేర్చుకుంటే తప్ప ఉండవు, కొండమీద హెలికాప్టర్ వస్తే బిల్లు మీదే.

మొదటి పూట: బోడ్మి

ఒక్కసారి కూడా స్కీ తొడగనివాళ్ళు పాస్ కొని పైకి పోవడం డబ్బు దండగ. గ్రిండెల్వాల్డ్ ఊళ్ళోనే ఫిర్స్ట్ కొండ వైపు బోడ్మి అనే నేర్చుకునే మైదానం ఉంది, నిలబడితే పైకి తీసుకెళ్ళే బెల్టు ఉంటుంది. ఒక పూట శిక్షకుడితో అక్కడ గడపండి. స్నేహితుడు నేర్పుతాడంటే మర్యాదగా తప్పించుకోండి. తాను ఎలా ఆగుతున్నాడో తనకే తెలియని స్థాయికి చేరినవాడు ఇంకొకరికి ఆగడం నేర్పలేడు.

ఆ పూటలో రావాల్సినవి నాలుగే: ఆగడం, రెండువైపులా తిరగడం, పడి లేవడం, ఊడిన స్కీ తొడుక్కోవడం.

ఆగడానికి శిక్షకులు పిల్లలకి చెప్పే ‘పిజ్జా’ ఆకారం. స్కీల ముందు కొసలు పిడికెడు దూరంలో, వెనక కొసలు బాగా విడిపోయి ఉండాలి. మోకాళ్ళు ముందుకు వంగి, పిక్కలు బూటు నాలుకని నొక్కుతూ ఉండాలి. మడమల్ని బయటికి తోస్తే స్కీల లోపలి అంచులు మంచుని గీరతాయి, వేగం తగ్గుతుంది. ఎడమకి తిరగాలంటే బరువు కుడి స్కీ మీద వెయ్యాలి, కుడికైతే ఎడమ స్కీ మీద. ఇది మొదట తలకిందులుగా అనిపిస్తుంది, పది మలుపులకి అలవాటవుతుంది.

పిజ్జా పెట్టినా ఆగట్లేదంటే తొంభై శాతం కారణం ఒకటే, భయంతో వెనక్కి వాలడం. బరువు మడమల మీదికి పోతే స్కీల ముందుభాగం తేలిపోతుంది, అంచు పట్టదు, వేగం ఇంకా పెరుగుతుంది, భయం ఇంకా పెరుగుతుంది. దిగుడు ఎంత ఎక్కువగా కనిపిస్తే అంత ముందుకి, లోయవైపుకి ఛాతీ చూపించాలి. చేతులు నడుముకి ముందు, మీకు కనబడేలా ఉంచుకుంటే ఒళ్ళు దానంతటదే ముందుకొస్తుంది. తొడలు మండుతున్నాయంటే అది కూడా వెనక్కి కూర్చున్నారనడానికి గుర్తే.

పడేటప్పుడు కొండవైపు పక్కకి కూర్చోండి, చెయ్యి వెనక్కి ఆనించొద్దు, మణికట్టూ బొటనవేలూ పోయేది అలాగే. జారిపోతుంటే స్కీలని కిందివైపు, వాలుకి అడ్డంగా తిప్పుకుంటే అంచులు పట్టి ఆగుతారు. లేవడానికి స్కీలు వాలుకి సరిగ్గా అడ్డంగా ఉండాలి. కాస్త ఏటవాలుగా ఉన్నా లేస్తూనే జారిపోతారు. స్కీ ఊడితే బూటు అడుగున అతుక్కున్న మంచుని పోలుతో (చేతికర్రతో) గీకి, బైండింగ్ వెనక మీట కిందికి ఉందో లేదో చూసి, ముందు కిందివైపు స్కీ తొడగాలి. దాని అంచు మీద నిలబడితే పై స్కీ తొడగడం తేలిక. తిరగేసి చేస్తే ఒంటికాలి మీద కిందికి జారిపోతూ తొడుక్కోవాల్సి వస్తుంది.

మెన్లిఖెన్: ఉదయపు బ్లూ

మెన్లిఖెన్ గొండోలా పై స్టేషన్ 2,225 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడినుంచి గ్రిండెల్వాల్డ్ వైపు పరుచుకున్న వాలు తూర్పు ముఖం. పొద్దుటెండ ముందు దీనికే తగులుతుంది, కాబట్టి రాత్రి గడ్డకట్టినది ముందు మెత్తబడేదీ ఇక్కడే. చెట్లు ఉండవు, దారులు వెడల్పు, చూపు సాగినంత మేర కనిపిస్తుంది. బ్లూ నేర్చుకోవడానికి ఈ చుట్టుపక్కల ఇంతకన్నా మంచి చోటు లేదు.

జనవరిలో చలి గట్టిగా ఉంటే మంచు రోజంతా పొడిగా ఉంటుంది, తెరిచిన వెంటనే వెళ్ళొచ్చు. రాత్రి యంత్రాలు దువ్వి వదిలిన గీతలు చెదరకముందు దిగితే అంచు ఇట్టే పడుతుంది. ఫిబ్రవరి ఆఖరు నుంచి లెక్క మారుతుంది. పగలు కరిగి రాత్రి గడ్డకట్టడం మొదలవుతుంది కాబట్టి మొదటి గంట ఐస్ మీద నేర్చుకోవడం వృథా. తొమ్మిదిన్నర, పది మధ్య పైకి చేరితే చాలు. పరీక్ష తేలిక: పోలు కొసతో గుచ్చండి. టక్కుమని ఎగిరితే ఇంకో అరగంట కాఫీ తాగండి. సెంటీమీటరో రెండో దిగితే మొదలుపెట్టండి.

పై భాగంలో ఒక కుర్చీ లిఫ్ట్‌నే పట్టుకుని అదే రన్ నాలుగైదు సార్లు తిరగండి. ప్రతిసారీ కొత్తదారి వెతుక్కుంటూ పోవడం కంటే ఇదే తొందరగా నేర్పుతుంది, ఎందుకంటే ఎక్కడ నిటారుగా ఉందో తెలిసిపోయి, ధ్యాసంతా కాళ్ళ మీదే ఉంటుంది. వేగాన్ని బ్రేకు వేసి కాకుండా మలుపు ఆకారంతో అదుపు చెయ్యడం ఇక్కడే అలవాటు కావాలి. మలుపుని సగంలో వదిలేయకుండా స్కీలు వాలుకి అడ్డంగా వచ్చి, ఇంకొంచెం పైకి చూసేదాకా పూర్తి చెయ్యండి. కొండే మిమ్మల్ని ఆపుతుంది. అప్పుడు పిజ్జా అవసరం తగ్గుతూ వస్తుంది. మలుపు చివర్లో పై స్కీని కింది స్కీ పక్కకి జరపడం మొదలుపెట్టండి. రెండు స్కీలూ సమాంతరంగా ఉంచి తిరిగే పారలెల్‌కి అదే తొలిమెట్టు.

కుర్చీ లిఫ్ట్ ఎక్కేటప్పుడు పోల్స్ రెండూ ఒక చేతిలోకి, వీపు సంచి ఒళ్ళోకి తీసుకోవాలి. సంచి పట్టీ కుర్చీకి చిక్కుకుని దిగలేక వేలాడే ప్రమాదాలు నిజంగా జరుగుతాయి. దిగేచోట స్కీ కొసలు పైకెత్తి పెట్టి, నేల తగలగానే లేచి నిలబడి నేరుగా ముందుకి జారిపోండి. అక్కడే ఆగి గ్లౌజులు సర్దుకుంటే వెనక కుర్చీవాళ్ళు మీ మీద పడతారు. కర్రని పిరుదుల కింద పెట్టుకుని లాక్కుపోయే టీ-బార్ దొరికితే దాని మీద కూర్చోవద్దు, అది కుర్చీ కాదు. నిలబడే ఉండి, దాన్ని లాగనివ్వండి. పడితే వదిలేసి, వెంటనే లిఫ్ట్ బాటలోంచి పక్కకి దొర్లండి.

పదకొండున్నర దాటాక మెన్లిఖెన్ వాలు రద్దీగా, మార్చిలోనైతే బరువుగా మారుతుంది. అక్కడినుంచి కదిలే సమయం అదే.

మధ్యాహ్నం: క్లైనె షైడెగ్, వెంగెన్ వైపు

మెన్లిఖెన్ నుంచి క్లైనె షైడెగ్ వైపు రావడానికి గ్రిండెల్వాల్డ్ వైపు వాలులోనే కిందికి దిగి అర్వెన్ కుర్చీ లిఫ్ట్ ఎక్కుతారు. ఈ రెండు కొండల్ని కలిపే లిఫ్టుల దగ్గర సాయంత్రం రద్దీ ఉంటుంది, పైగా గాలి లేస్తే మొదట ఆగేవి కూడా ఇలాంటివే. సామాను మెన్లిఖెన్ వైపో, గది వెంగెన్ వైపో ఉన్నవాళ్ళు లిఫ్టులు మూసే గంటకి కనీసం ఒక గంట ముందే కొండ మారిపోవాలి.

క్లైనె షైడెగ్ 2,061 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ. ఐగర్ ఉత్తర ముఖం సరిగ్గా నెత్తి మీద ఉంటుంది. డిసెంబరు, జనవరుల్లో దాని నీడ గ్రిండెల్వాల్డ్ వైపు దారుల మీద చాలాసేపు పడి ఉంటుంది. అక్కడ మంచు పొడిగా నిలుస్తుంది కానీ, గీకిన చోట్ల ఐస్ బయటపడుతుంది. వెంగెన్ వైపు వాలు పడమర ముఖం. మార్చిలో అది మెత్తబడేది పన్నెండు, ఒంటిగంట మధ్య. మెన్లిఖెన్ బరువెక్కే వేళకి ఇది సరిగ్గా పాకానికొస్తుంది.

వెంగెన్‌కి దిగే బ్లూ దారి పొడవైనది, తేలికైనది, రైలు పట్టాలకి దగ్గర్లోనే సాగుతుంది. అలసిపోతే వెంగర్నాల్ప్ స్టేషన్లో (1,874 మీటర్లు) రైలెక్కొచ్చు. ఇందులో కొత్తవాళ్ళని ఇబ్బంది పెట్టేది వాలు కాదు, ఇరుకు బాటలు. అందరూ మధ్యలోనే పిజ్జా పెట్టి గీరడంతో నడుమ ఐస్ తేలుతుంది, తోసిన మంచు అంచుల్లో పోగవుతుంది. కొండవైపు అంచుకి దగ్గరగా, మెత్తటి మంచు మీద చిన్న పిజ్జాతో దిగండి. లోయవైపు అంచుకి పోవద్దు. బాట చదునుగా మారుతున్నట్టు కనబడితే స్కీలు సమాంతరంగా వదిలి వేగం నిలుపుకోండి, ఆగిపోతే పోల్స్‌తో తోసుకుంటూ నడవాల్సి వస్తుంది. స్నోబోర్డు వాళ్ళకి ఇది నరకమే, ఒక కాలు విప్పి తన్నుకుంటూ పోవాలి.

ఈ వైపునే లౌబర్‌హార్న్ పందెం దారి ఉంది. 1930 నుంచి జరుగుతున్న పందెం, దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల పొడవుతో వరల్డ్ కప్ డౌన్‌హిల్స్‌లో అన్నిటికన్నా పెద్దది. 2013లో జోహాన్ క్లారే ఇక్కడ గంటకు 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. జనవరి మధ్యలో పందెం వారం ఆ దారి మూసేస్తారు, రైళ్ళు కిక్కిరిసిపోతాయి. స్కీ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ఆ వారాన్ని వదిలేసుకోవడం మంచిది.

రెడ్‌కి ఎప్పుడు ఎక్కాలి

బ్లూ మీద పడకుండా దిగడం సరిపోదు. మూడు పనులు వచ్చాయో లేదో చూసుకోండి. అనుకున్న చోట, ఐదారు మీటర్ల లోపల ఆగగలగాలి. రెండువైపులా మలుపు ఒకే నమ్మకంతో రావాలి, చాలామందికి ఒకవైపే బాగా వస్తుంది. మూడోది, వాలుకి అడ్డంగా నిలబడి కిందికి జారడం. రెడ్ మీద ప్రాణం కాపాడేది ఈ మూడోదే, దాన్నే జనం సాధన చెయ్యరు.

స్కీలు రెండూ వాలుకి అడ్డంగా, పై స్కీ కాస్త ముందుగా, ఛాతీ లోయవైపుకి తిప్పి నిలబడండి. బరువు ఎక్కువ భాగం కింది కాలి మీద ఉండాలి. ఇప్పుడు మోకాళ్ళని కొద్దిగా లోయవైపు వాల్చితే అంచులు వదులై, స్కీలు బల్లపరుపుగా పక్కకి జారతాయి. మోకాళ్ళని మళ్ళీ కొండవైపు వంచితే అంచు పట్టి ఆగుతుంది. రెండు మూడు మీటర్లు జారి ఆగండి, మళ్ళీ జారి ఆగండి. ఇలా ఎంతటి నిటారు ముక్కనైనా, ఎంతటి ఐస్‌నైనా మలుపు తిరక్కుండానే దాటిపోవచ్చు. తప్పు చేసేది రెండుచోట్ల. కొండవైపు ఒరిగితే కింది స్కీ మీద బరువు పోయి ఢామ్మని కూర్చుంటారు. మోకాళ్ళు మరీ వాల్చితే కిందివైపు అంచు మంచులో గుచ్చుకుని లోయవైపు బోర్లా పడతారు.

మొదటి రెడ్‌గా ఐగర్‌గ్లెట్షర్ నుంచి క్లైనె షైడెగ్ వైపు దిగేది బాగుంటుంది, యంత్రంతో చదును చేసి ఉన్న రోజు చూసుకుని. పొద్దున్న మొదటి గొండోలా రద్దీ తగ్గాక, జనం గీకెయ్యకముందు వెళ్ళండి. లౌబర్‌హార్న్ లిఫ్ట్ పై నుంచి దిగే దారులు ఆ తర్వాత. రెడ్ మీద నిటారు ముక్క ఎదురైతే దాని నెత్తిన ఆగి, మొత్తం కనిపించాకే దిగండి. పిజ్జాతో రెడ్ మొత్తం దిగొచ్చు గానీ తొడలు పదిహేను మలుపులకే చచ్చిపోతాయి, అలిసిన కాళ్ళే విరిగే కాళ్ళు. అడ్డంగా వెడల్పుగా పోయి, మంచు మెత్తగా ఉన్నచోట ఒక మలుపు, మళ్ళీ అడ్డంగా. వాలు నేరుగా కిందికి చూసే క్షణం ప్రతి మలుపులోనూ ఉంటుంది. ఆ క్షణంలో తటపటాయించి వెనక్కి వాలితే మలుపు పూర్తి కాదు, నేరుగా దూసుకుపోతారు. అక్కడ ఓపిగ్గా బయటి కాలిని తొక్కి ఉంచడమే మొత్తం విద్య.

ఫిర్స్ట్ సంగతి

లోయకి అటువైపు ఉన్న ఫిర్స్ట్ కొండది దక్షిణ ముఖం. ఊళ్ళోంచి గొండోలా బోర్ట్ (1,570), ష్రెక్‌ఫెల్డ్ (1,955) మీదుగా 2,168 మీటర్ల ఫిర్స్ట్‌కి తీసుకెళ్తుంది, పైన ఓబర్‌యోఖ్ లిఫ్ట్ 2,500 దాకా పోతుంది. చలి విరగ్గాసే జనవరిలో రోజంతా ఎండ దొరికే కొండ ఇదే, వేళ్ళు మొద్దుబారకుండా నేర్చుకోవచ్చు. మార్చిలో మాత్రం పై భాగంలోనే తిరిగి, మధ్యాహ్నానికి ముగించెయ్యాలి. ష్రెక్‌ఫెల్డ్ కింద మంచు అప్పటికి గంజిలా తయారవుతుంది.

ఊరి దాకా దిగాలా?

ఎక్కువమంది దెబ్బ తగిలించుకునే వేళ, సాయంత్రం ఆఖరి రన్. క్లైనె షైడెగ్ నుంచి అల్పిగ్లెన్, బ్రాండెగ్ మీదుగా గ్రుండ్ దాకా 1,100 మీటర్ల దిగుడు ఉంది. మ్యాపులో ఆహ్వానిస్తున్నట్టే కనిపిస్తుంది. పై సగం హాయి. కిందికి పోయేకొద్దీ ఎత్తు తగ్గి మంచు తడిబారుతుంది, లేదా చెట్ల నీడలో ఐస్ కడుతుంది. కింది భాగాల్లో కృత్రిమ మంచు కలిసి ఉంటే అది సహజ మంచు కంటే గట్టిగా కుదురుకుంటుంది, జనం గీకాక ఇంకా నున్నబడుతుంది. పైగా కొండలన్నిటి మీదున్న జనం ఒకే దారిలో కలుస్తారు, వాళ్ళలో సగంమంది కాళ్ళు అలిసినవాళ్ళు.

బ్రాండెగ్‌లో (1,332 మీటర్లు) ఆగి అక్కడి పేరుమోసిన యాపిల్ బజ్జీలు తిని, రైలెక్కి దిగిపోవడం నూటికి నూరుపాళ్ళు గౌరవప్రదమైన పని. మెన్లిఖెన్ వైపు ఉన్నవాళ్ళు హోలెన్‌స్టైన్ మధ్య స్టేషన్లో గొండోలా ఎక్కి దిగొచ్చు. ఊరి దాకా స్కీ మీదే దిగాలని ఉంటే మధ్యాహ్నం రెండు లోపల, కాళ్ళలో ఓపిక ఉన్నప్పుడు దిగి, మళ్ళీ పైకి పోండి.

దారులు మూసిన తర్వాత మిగిలిపోవడం మాత్రం ఆటలు కాదు. నిటారు వాలుల మీద యంత్రాలు ఉక్కు తాడుకి కట్టుకుని పనిచేస్తాయి. వందల మీటర్ల పొడవున్న ఆ తాడు మంచులో కనపడదు, ఒక్కసారిగా బిగిసి పైకి లేస్తుంది. దానికి తగిలి చనిపోయినవాళ్ళున్నారు.

కనపడకపోతే, గాలి లేస్తే

మబ్బు కమ్మితే మెన్లిఖెన్ పైన నేలా ఆకాశం ఒకటే తెలుపు. ఎత్తుపల్లాలు తెలియవు, నిలబడి ఉన్నా కదులుతున్నట్టు అనిపించి తల తిరుగుతుంది. అలాంటి రోజు చెట్లున్న కింది భాగాలకి, బ్రాండెగ్ వైపో ఇన్నర్‌వెంగెన్ వైపో పోవాలి. చెట్టు పక్కనుంటే కంటికి ఆధారం దొరుకుతుంది. గాగుల్స్‌కి లేత రంగు ఎస్1 అద్దం వేసుకోండి, ఎండ రోజుల ఎస్3 అద్దం మబ్బులో గుడ్డితనమే. దారి అంచు కర్రల్ని ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుంటూ దిగండి.

దక్షిణం నుంచి వీచే ఫ్యోన్ అనే వేడిగాలి ఈ లోయలకి పాత చుట్టం. ఒక్క రాత్రిలో ఉష్ణోగ్రత పెంచి మంచుని పాడుచేస్తుంది, లిఫ్టులు ఆపేస్తుంది. ముందురోజు సాయంత్రం 5 గంటలకి దావోస్‌లోని ఎస్‌ఎల్‌ఎఫ్ సంస్థ మంచు చరియల ప్రకటన విడుదల చేస్తుంది, వైట్ రిస్క్ యాప్‌లో చూడొచ్చు. బ్లూ, రెడ్ మీదే ఉండేవాళ్ళకీ అది పనికొస్తుంది, రేపు ఏ దారులు మూసి ఉండొచ్చో అంచనా దొరుకుతుంది.

ఎవరికి దారి, ఎవరికి తప్పు

అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన పది నియమాలు ఇక్కడ మర్యాద కోసం కాదు, ప్రమాదం జరిగితే తప్పెవరిదో తేల్చేటప్పుడు వాటినే చూస్తారు. ముందు, కింద ఉన్నవాడిదే దారి. వెనకనుంచి వచ్చేవాడే తప్పుకోవాలి, కిందివాడు ఎంత వంకరగా తిరుగుతున్నా సరే. ఆగిన చోటునుంచి బయల్దేరేటప్పుడు, వేరే దారిలో కలిసేటప్పుడు పైకి చూడాలి. ఆగాలంటే అంచుకి, అదీ పైనుంచి కనపడే చోట. గుట్ట చాటున, ఇరుకు దారిలో గుంపుగా నిలబడి ఫోటోలు దిగడం మనవాళ్ళ బలహీనత, అక్కడే గుద్దుతారు.

ఎవరైనా పడి లేవలేకపోతే వాళ్ళకి పైవైపు కొన్ని మీటర్ల దూరంలో రెండు స్కీల్ని ఎక్స్ ఆకారంలో గుచ్చండి, పైనుంచి వచ్చేవాళ్ళకి అది గుర్తు. బూటు విప్పొద్దు, వాచిన కాలికి అదే కట్టు. మ్యాపు మీద ఉన్న స్కీ దారుల గస్తీ నంబరుకో, 144కో ఫోన్ చెయ్యండి. హెలికాప్టర్ అవసరమైతే రేగా అనే రక్షణ సంస్థ నంబరు 1414. ఎక్కడున్నారో చెప్పడానికి దారి పక్క పలక మీది రన్ నంబరు, చివరిగా దిగిన లిఫ్ట్ పేరు చాలు. సాయం వచ్చేదాకా పడ్డవాళ్ళ కింద జాకెట్టో సంచో వెయ్యండి. మంచు మీద పడుకున్న ఒంట్లోంచి వేడి నిమిషాల్లో పోతుంది.